అర్జీ నుంచి ప్రణాళిక దాకా

(స్థానిక సంస్థలలో మైనారిటీల భాగస్వామ్యంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



స్థానిక ప్రభుత్వానికీ, బస్తీలో నివసించే ప్రజలకూ మధ్య భాగస్వామ్యం ఎలా ఉండాలన్న విషయంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము నగర ప్రణాళికా శాస్త్రం చదివినవాళ్ళం కాము. ఒక చిన్న పట్టణంలో, ఒక ముస్లిం బస్తీలో, ఒక కమిటీగా ఏర్పడి పనిచేస్తున్నవాళ్ళం. మా అనుభవంలో నేర్చుకున్నది, ఇతరుల అనుభవం నుంచి గ్రహించినది మీ ముందుంచడానికే వచ్చాము. మా పొరపాట్లను కూడా దాచకుండా చెబుతాము. ఎందుకంటే మాకు పాఠం నేర్పినవి అవే.

కొన్నేళ్ళ క్రితం ఒక వానాకాలంలో మా బస్తీలో ఒక వృద్ధురాలు కన్నుమూశారు. రాత్రంతా కురిసిన వానకు గల్లీ మునిగిపోయింది. జనాజాను మోకాలిలోతు మురుగునీటిలో నడుస్తూ భుజాలపై మోసుకొని వెళ్ళవలసి వచ్చింది. కాలు జారుతుందేమోనన్న భయంతో ప్రతి అడుగూ ఆచితూచి వేశాము. ఖబ్రస్తాన్ చేరేసరికి మోసినవారి బట్టలన్నీ మురికితో తడిసిపోయాయి. ఆ తల్లికి గౌరవప్రదమైన చివరి ప్రయాణాన్ని కూడా ఇవ్వలేకపోయామన్న బాధ ఆనాడు అందరి ముఖాలలోనూ కనిపించింది.

అంతకుముందు మేము అర్జీలు ఇవ్వలేదా? ఇచ్చాము. పదకొండేళ్ళపాటు ఇచ్చాము. ప్రతి కొత్త కమిషనరుకూ, ప్రతి కొత్త కౌన్సిలరుకూ, ఎన్నికల ముందు వచ్చిన ప్రతి నాయకునికీ ఇచ్చాము. రసీదులన్నీ ఒక సంచిలో భద్రపరచుకున్నాము. ఆ సంఘటన తరువాత ఆ సంచి పట్టుకొని మళ్ళీ పురపాలక కార్యాలయానికి వెళ్ళాము. అక్కడ ఒక ఇంజనీరు మా అర్జీ ఓపికగా చదివి ఒకే ఒక ప్రశ్న వేశారు. "కాలువ అడుగుతున్నారు, బాగానే ఉంది. ఆ నీరు ఎటు పోవాలండీ?"

మేము జవాబు చెప్పలేకపోయాము. పదకొండేళ్ళ అర్జీలలో ఎక్కడా ఆ జవాబు లేదు. 'మా బస్తీలో కాలువ నిర్మించగలరు' అని మాత్రమే ఉన్నది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత లోతు, ఎన్ని ఇళ్ళకు, ఏ నాలాలో కలవాలి అన్నది మేమెన్నడూ ఆలోచించలేదు. అది ప్రభుత్వం పని అనుకున్నాము. ప్రభుత్వం మాత్రం మా బస్తీ నక్షాను కూడా తయారుచేసుకోలేదు. వారి పటంలో మా ఇళ్ళున్నచోట ఖాళీ స్థలం కనబడుతున్నది.

సోదరులారా, మేము చెప్పదలచిన మాట ఇదే. అర్జీ ఇచ్చేవాడు యాచకుడు, ప్రణాళిక ఇచ్చేవాడు భాగస్వామి. అర్జీని పక్కన పెట్టవచ్చు. కొలతలతో, ఖర్చు అంచనాతో, నలుగురి అంగీకారంతో వచ్చిన ప్రణాళికను పక్కన పెట్టాలంటే కారణం చెప్పవలసి ఉంటుంది.

బస్తీ నక్షా చెప్పిన నిజం

ఆ ప్రశ్నతో ఇంటికి వచ్చి మేము మొదట చేసిన పని మా బస్తీ నక్షా గీయడం. పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న మా ఆడపిల్లలే ఆ పనికి ముందుకు వచ్చారు. దానికి ఒక కారణమున్నది. ఇంట్లో మరుగుదొడ్డి ఎక్కడున్నది, వంటింటి నీరు ఎటు పోతున్నది అని అడగడానికి వారు ప్రతి ఇంటి లోపలికీ వెళ్ళగలరు. మగపిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మా బస్తీలో తాపీమేస్త్రీలు చాలామంది ఉన్నారు. వారు మట్టం చూసే నీళ్ళ గొట్టం తెచ్చి గల్లీ గల్లీకీ ఎత్తు పల్లాలు కొలిచారు. రెండు ఆదివారాలలో పని పూర్తయింది.

ఆ నక్షా మాకు తలవంపులు తెచ్చే నిజమొకటి చెప్పింది. మా బస్తీ పల్లం దిక్కు గోడకు అవతలనున్న దళితవాడ వైపు ఉన్నది. మేము పదకొండేళ్ళుగా అడుగుతున్న కాలువ మంజూరై ఉంటే మా మురుగంతా నేరుగా వారి గడపలలోకి వెళ్ళేది. మేము వారితో మాట్లాడడానికి వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ ఇలా అన్నారు. "మీ నీళ్ళు ఇప్పటికే మా ఇళ్ళలోకి వస్తున్నాయి నాయనా. మీ కాలువ కూడా వస్తే మేము ఎటు పోవాలి?"

మాకు అన్యాయం జరుగుతున్నదని పదకొండేళ్ళు మొరపెట్టుకున్నవాళ్ళం, తెలియకుండానే మరొకరికి అన్యాయం కోరుతున్నామని అప్పుడు తెలిసింది. ఆనాటి నుంచి మా కమిటీ రెండు వాడల కమిటీ అయింది. గోడకు ఇవతల అయిదుగురు, అవతల అయిదుగురు. అందులో సగం మంది స్త్రీలు. నీటికి మతం లేదు, కులం లేదు. పల్లం చూసుకొని పారుతుంది. దానికి మార్గం చూపాలంటే పల్లంలో ఉన్నవారితో మొదట కూర్చోవాలి.

ఇదొక చిన్న పట్టణం కథ మాత్రమే కాదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు పాతబస్తీ దక్షిణ భాగంలో ఏమి జరిగిందో మనందరికీ తెలుసు. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వంటి చోట్ల ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. చెరువుల నీరు ఎటు పారుతుందో, నాలాలు ఎక్కడ ఇరుకైపోయాయో ఆ ప్రాంతపు ముసలివారికి తెలుసు. ఆ తెలివిడి ప్రభుత్వ పటాలలోకి ఎక్కే దారి మాత్రం లేకపోయింది. ఆ దారినే మనం భాగస్వామ్యం అంటున్నాము.

ఒరంగీ నేర్పిన విభజన

మేము ఈ పనిలో పడిన తరువాత, ఇతరచోట్ల ప్రజలు ఇటువంటి చిక్కును ఎలా విడదీశారో తెలుసుకోవడానికి ప్రయత్నించాము. మాకు అన్నింటికన్నా దగ్గరగా అనిపించినది కరాచీ నగరపు శివారులోని ఒరంగీ అనుభవం.

ఆ పనికి ఆద్యులు అఖ్తర్ హమీద్ ఖాన్. ఆయన 1914లో ఆగ్రాలో జన్మించారు. ఐ.సి.ఎస్. అధికారిగా బెంగాల్ కరువును కళ్ళారా చూసి ఆ ఉద్యోగం వదిలేశారు. అలీగఢ్ సమీపంలో కూలివానిగా, తాళాలు చేసే పనివానిగా కొంతకాలం జీవించారు. తరువాత కొమిల్లాలో గ్రామీణాభివృద్ధి కృషి చేసి, 1980లో ఒరంగీకి వచ్చారు. అప్పటికి అక్కడ లక్షలాది పేదలు ప్రభుత్వ అనుమతి లేని బస్తీలలో ఉంటున్నారు. మురుగు గల్లీల మీదనే పారేది. ప్రజలు ప్రభుత్వం ఉచితంగా కట్టిస్తుందని ఎదురుచూస్తున్నారు. ప్రభుత్వం తన లెక్కల ప్రకారం అంత ఖర్చు భరించలేనంటున్నది.

ఖాన్ సాహెబ్ బృందం పనిని నాలుగు భాగాలుగా విడదీసింది. మొదటిది ఇంటిలోని మరుగుదొడ్డి. రెండవది గల్లీలోని భూగర్భ మురుగు గొట్టం. మూడవది గల్లీలన్నింటినీ కలిపే ఉపకాలువ. నాలుగవది ఆ నీటినంతటినీ తీసుకుపోయే ప్రధాన కాలువ, శుద్ధి కేంద్రం. మొదటి మూడూ ప్రజలు తమ డబ్బుతో, తమ శ్రమతో కట్టుకోగలరు. నాలుగవది మాత్రం ప్రభుత్వమే కట్టాలి, దానిని ఏ బస్తీ కూడా కట్టుకోలేదు. ఇరవై ముప్పై ఇళ్ళ గల్లీని ఒక ప్రమాణంగా తీసుకొని, ఆ గల్లీవారే ఒకరిని బాధ్యునిగా ఎన్నుకొని, చందా వసూలుచేసి పని చేయించారు. ఒరంగీ పైలట్ ప్రాజెక్టు డబ్బు ఇవ్వలేదు. కొలతలు, నక్షాలు, పనిముట్లు, సలహాలు ఇచ్చింది. కాంట్రాక్టరు లాభం, అనవసరపు హంగులు తొలగిపోవడంతో ఖర్చు ఎన్నో రెట్లు తగ్గింది.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటున్నది. గల్లీ గొట్టాలు వేసుకోవడంతో ఒరంగీ వాళ్ళు ఆగిపోలేదు. తమ బస్తీల నక్షాలు, సహజమైన నాలాల నక్షాలు తామే గీశారు. ఆ నక్షాలను ముందుంచి, 'మా వంతు మేము చేశాము, ఇదిగో మీ వంతు' అని నగరపాలక అధికారులను అడిగారు. చేతిలో పని, చేతిలో నక్షా ఉన్నవారిని త్రిప్పి పంపడం అంత సులభం కాదు. ఆ నక్షాల కృషికి నాయకత్వం వహించిన పర్వీన్ రహమాన్‌ను 2013 మార్చి 13న కరాచీలో కాల్చి చంపారు. పేదల భూమి ఎక్కడున్నదో, ఎవరిదో కాగితం మీద చూపడం కొందరికి ఎంత కంటగింపుగా ఉంటుందో ఆమె మరణం చెబుతున్నది.

కేరళ చూపిన మార్గం

ఒరంగీలో భాగస్వామ్యం ప్రజల చొరవతో పుట్టింది. దానికి చట్టం అండ లేదు. చట్టం, నిధులు కూడా తోడైతే ఏమవుతుందో చూడాలంటే మన దేశంలోనే కేరళ వైపు చూడాలి.

1996 ఆగస్టు 17న అక్కడ ప్రజా ప్రణాళికా ఉద్యమం ఆరంభమైంది. రాష్ట్ర ప్రణాళికా వ్యయంలో 35 నుంచి 40 శాతాన్ని స్థానిక సంస్థలకు ఇస్తామని ప్రభుత్వం ముందే ప్రకటించింది. డబ్బు ఎంత వస్తుందో తెలిసిన తరువాతనే గ్రామసభలు కూర్చున్నాయి. సభలో ప్రజలు తమ అవసరాలు చెప్పారు. తరువాత ఊరి స్థితిగతులపై నివేదిక తయారైంది. దానిపై అభివృద్ధి సదస్సు జరిగింది. ఒక్కొక్క రంగానికి ఒక్కొక్క కార్యబృందం పనుల వివరాలు రాసింది. చివరకు పంచాయతీ తన ప్రణాళికను ఆమోదించి జిల్లా ప్రణాళికా సంఘానికి పంపింది.

అదే కాలంలో, 1997 జనవరిలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జన్మభూమి మొదలైంది. సభలు మన దగ్గరా జరిగాయి. అధికారులు ఊళ్ళకు వచ్చారు. ప్రజలు బారులు తీరి అర్జీలు ఇచ్చారు. శ్రమదానాలు చేశారు, కొన్ని పనులకు తమ వాటా డబ్బు కూడా ఇచ్చారు. కొన్ని మంచి పనులు జరిగిన మాట నిజమే. కాని ఎన్నికైన పంచాయతీ చేతికి నిధులపై నిర్ణయాధికారం రాలేదు. అక్కడ సభలో కూర్చున్నవారు ఉన్న డబ్బును ఎలా పంచుకోవాలో చర్చించారు. ఇక్కడ సభలో నిలుచున్నవారు లేని డబ్బు కోసం కాగితాలు అందించారు. భాగస్వామ్యానికీ, విన్నపానికీ ఉన్న తేడా ఇదే.

మన చేతిలో ఉన్నదేమిటి?

'అదంతా కేరళలో, మన దగ్గర ఏమున్నది?' అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. మన దగ్గర లేనిదల్లా వాడుక. చట్టం ఉన్నది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో పురపాలికలకు అప్పగించదగిన 18 విషయాలున్నవి. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి అందులో ఉన్నవి. ఖబ్రస్తాన్‌లు, శ్మశానాలు కూడా అందులోనే ఉన్నవి. ఖబ్రస్తాన్‌కు దారి అడగడం మతపరమైన కోరిక కాదు. రాజ్యాంగం పురపాలిక పరిధిలో ఉంచిన పౌరసేవను అడగడం. ఈ మాట మన వార్డు సభలలో ధైర్యంగా చెప్పవలసి ఉన్నది.

మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండి తీరాలని 243-ఎస్ అధికరణం చెబుతున్నది. తెలంగాణలో 2019 పురపాలక చట్టం చిన్న పట్టణాలకు కూడా దీనిని విస్తరించింది. ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానిలో 15 మంది. అంటే ఒక్క వార్డులో 60 మంది. మీ వార్డులో ఆ 60 మంది ఎవరో మీలో ఎంతమందికి తెలుసు? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి. అక్కడ ప్రణాళికకు ఒక కార్యదర్శి, వసతులకు ఒకరు, పారిశుద్ధ్యానికి ఒకరు నియమితులయ్యారు. పింఛను కోసం మనవాళ్ళు ఆ గడప ఎన్నోసార్లు ఎక్కారు. బస్తీ నక్షా చూపించమని ఎందరు ఎక్కారు?

ఇంకొక విషయం మనం మరచిపోరాదు. 2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలలో సదుపాయాల లోటును వివరించింది. పాలనా సంస్థలలో వారి ప్రాతినిధ్యం తక్కువగా ఉన్నదని చెప్పి, స్థానిక సంస్థలలో మైనారిటీలకు స్థానం కల్పించే చట్టాలు తేవాలన్నది. దానికి ఉదాహరణగా మన ఆంధ్రప్రదేశ్ చేసిన ఏర్పాటునే చూపింది. మండల, జిల్లా పరిషత్తులలో, పురపాలికలలో ఉన్న మైనారిటీ కో-ఆప్షన్ సభ్యుల స్థానం అదే. దేశానికి మనం ఉదాహరణగా నిలిచాము. ఆ స్థానంలో కూర్చున్నవారు బస్తీ తరఫున మాట్లాడుతున్నారా, లేక ఫోటోలో నిలుచుంటున్నారా అన్నది మనమే అడగాలి. వారి చేతికి మన నక్షా, మన పనుల జాబితా ఇవ్వకుండా, వారు సభలో ఏమీ మాట్లాడలేదని నిందించడం కూడా న్యాయం కాదు.

నిధుల మాట కూడా చెప్పుకోవాలి. 2008లో 90 జిల్లాలతో మొదలైన బహుళరంగ అభివృద్ధి కార్యక్రమం 2018లో ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమంగా మారింది. పాఠశాలలు, హాస్టళ్ళు, ఆరోగ్య కేంద్రాలు, తాగునీరు వంటివి దాని కింద కట్టవచ్చు. ప్రతిపాదనలు జిల్లా స్థాయి కమిటీ నుంచి పైకి వెళ్ళాలి. జిల్లా నుంచి మన బస్తీ పేరు వెళ్ళకపోతే ఢిల్లీలో ఎవరూ మన బస్తీని కనుగొనలేరు.

మూడు జాగ్రత్తలు

భాగస్వామ్యం అన్న మాటను పూర్తిగా నమ్మే ముందు మూడు జాగ్రత్తలు చెబుతాము.

మొదటిది, భాగస్వామ్యం వెట్టిచాకిరీ కారాదు. 'మీరే చేసుకోండి' అని ప్రభుత్వం చేతులు దులుపుకొనడానికి అది సాకు కారాదు. ధనవంతుల కాలనీకి ప్రజాధనంతో కాలువ కట్టి, పేదల బస్తీని చందా వేసుకోమనడం న్యాయం కాదు. అందుకే ఎవరి వంతు ఎంతో ముందుగా కాగితం మీద రాసుకోవాలి. మా పట్టణంలో గల్లీ కాలువలను మా మేస్త్రీలే కట్టారు. రెండు వాడల ఇళ్ళవారూ తమ శక్తి కొలదీ ఇచ్చారు, ఇవ్వలేనివారు పని చేశారు. కల్వర్టు నుంచి ఊరి బయట నాలా దాకా ప్రధాన కాలువ మాత్రం పురపాలిక బాధ్యత అని ముందే తీర్మానం చేయించాము.

రెండవది, భాగస్వామ్యం నలుగురు పెద్దమనుషుల వ్యవహారం కారాదు. మన సభలలో స్త్రీలు గోడ వెనుక కూర్చుంటారు, లేదా అసలే రారు. ఇంటిలో నీరు పట్టేది వారే. మురుగు ఎత్తిపోసేది వారే. జ్వరం వచ్చిన పిల్లవాడిని రాత్రంతా ఒడిలో పెట్టుకొని కూర్చునేది వారే. మా నక్షాలో వీధికుళాయి స్థానాన్ని మగవారు ఒకచోట గుర్తించారు. స్త్రీలు దానిని కొట్టివేసి ఇంకొకచోట పెట్టారు. మగవారు చూపిన చోట నీరు వచ్చే సమయానికి కల్లు దుకాణం తెరుచుకుంటుంది. ఆ సంగతి నీళ్ళకు వెళ్ళేవారికే తెలుసు.

మూడవది, సమయం. పురపాలిక బడ్జెటు కొత్త ఆర్థిక సంవత్సరానికి ముందే సిద్ధమవుతుంది. జూలైలో వాన పడినప్పుడు మనకు కాలువ గుర్తుకు వస్తుంది. అప్పటికి ఆ ఏటి పనుల జాబితా ముగిసిపోయి ఉంటుంది. నవంబరు, డిసెంబరు నెలలలో, ఎండగా ఉన్నప్పుడు, గల్లీ పొడిగా ఉన్నప్పుడు మనం జాబితా ఇవ్వాలి. గడచిన ఏడాది బడ్జెటులో మన వార్డుకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగి తెలుసుకోవాలి. అదే విధంగా పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు కోరినప్పుడు మనవాళ్ళు వెళ్ళి పటం చూడాలి. మన ఇంటి మీదుగా గీత వెళ్ళిందో లేదో బుల్డోజరు వచ్చిన రోజున తెలుసుకొని ప్రయోజనం లేదు.

మిగిలిన పని

మా కథ విజయగాథ అని మీరు అనుకోవద్దు. గల్లీ కాలువలు పూర్తయ్యాయి. ప్రధాన కాలువ చాలావరకు వచ్చింది. చివరి కొంత భాగం ఒక స్థల వివాదంలో చిక్కుకొని ఆగిపోయింది. పెద్ద వాన పడితే ఆ చివర ఇప్పటికీ నీరు నిలుస్తుంది. అది దళితవాడ వైపు చివర. అందుచేత మా గల్లీలు పొడిబారినంత మాత్రాన మా పని అయిపోయిందని మేము చెప్పలేము. ఆ భాగం పూర్తయ్యేదాకా కమిటీని రద్దు చేయబోమని రెండు వాడలవాళ్ళమూ కూర్చొని నిర్ణయించుకున్నాము. ప్రతి నెలా ఇద్దరు ఇవతలివారు, ఇద్దరు అవతలివారు కలసి కార్యాలయానికి వెళ్ళి వస్తున్నాము. ఇప్పుడు మమ్మల్ని చూసి అక్కడివారు రసీదు పుస్తకం తీయడం లేదు. నక్షా పరచడానికి బల్ల ఖాళీ చేస్తున్నారు. పని ఇంకా కాలేదు, కాని మేము ఆ గదిలో నిలుచున్న తీరు మారింది.

ఈ సభ నుంచి ఇళ్ళకు వెళ్ళిన తరువాత మీరు చేయవలసిన పని ఒక్కటే కోరుతున్నాము. మీ బస్తీలో చదువుకునే పిల్లలను, ఒక తాపీమేస్త్రీని, నలుగురు గృహిణులను పిలవండి. మీ గల్లీ నక్షా గీయండి. నీరు ఎటు పారుతున్నదో కొలవండి. పల్లంలో ఎవరున్నారో వెళ్ళి చూడండి. వారు మన బిరాదరీ వారు కాకపోవచ్చు. మొదట వారి గుమ్మం తట్టండి. ఆ తరువాతనే పురపాలక కార్యాలయానికి వెళ్ళండి.

'ఆ నీరు ఎటు పోవాలండీ?' అని అక్కడ ఎవరైనా అడిగితే, ఈసారి మన దగ్గర జవాబు ఉండాలి.